డీజిల్ మోటార్‌హోమ్‌లో పార్కింగ్ బ్రేక్ విడవకపోతే

అమెరికాలో పెద్ద డీజిల్ మోటార్‌హోమ్ (లోపల ఇల్లులా ఉండే బండి) నడిపేవాళ్లకు ఒక చిట్కా. పసుపు పార్కింగ్ నాబ్ లోపలికి నొక్కినా మళ్లీ బయటికి తన్నుకొస్తుంటే ముందు గాలి ఒత్తిడి చూపే గేజ్ చూడండి. వీటిలో బ్రేకును పట్టి ఉంచేది స్ప్రింగు, విడిపించేది గాలి. ట్యాంకుల్లో గాలి తక్కువైతే నాబ్ నిలవదు. ఇంజిన్ నడిపి గాలి ఒత్తిడిని 100 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దాటనివ్వండి, చాలాసార్లు అంతే సరిపోతుంది.

గాలి త్వరగా దిగిపోతోందా? చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టి, ఇంజిన్ ఆపి, బ్రేక్ విడిచి ఒక నిమిషం గేజ్ చూడండి. 2 పీఎస్ఐ కంటే ఎక్కువ తగ్గితే లీకున్నట్టే. తెల్లారేసరికి బండి ఒక మూల కుంగి ఉంటే ఆ వైపు ఎయిర్ బ్యాగ్ (బండి బరువు మోసే గాలి సంచి), దాని ఎత్తును సరిచేసే లెవెలింగ్ వాల్వ్, ఫిట్టింగుల మీద సబ్బునీళ్లు చల్లితే బుడగలే చెబుతాయి. కానీ బరువు ఆపే స్టాండ్లు పెట్టకుండా బండి కిందికి దూరకండి. బ్యాగులో గాలి పోతే టన్నుల బరువు ఒక్కసారిగా దిగుతుంది.

ఆపినప్పుడు బండిని సమంగా నిలిపే హైడ్రాలిక్ జాకీలుంటే వాలులో వెనక చక్రాలను నేల నుంచి లేపొద్దు. సాధారణంగా పార్కింగ్ బ్రేక్ వాటికే ఉంటుంది మరి!