నడుస్తున్న డీజిల్ ఎస్‌యూవీకి ఉన్నట్టుండి పికప్ పోతే ఏం చేయాలి, ఏం చేయకూడదు

విజయవాడ నుంచి హైదరాబాదుకు ఇంటిల్లిపాదీ వస్తుండగా, చిట్యాల దాటాక ఒక సిమెంటు లారీని దాటబోయే సమయంలో మా డీజిల్ ఎస్‌యూవీకి పికప్ పోయింది. పెడల్ చివరిదాకా తొక్కినా ఆర్పీఎం ముల్లు రెండున్నర వేల దగ్గరే ఆగిపోయింది. ఏసీ చల్లగానే వస్తోంది, ఇంజిన్ శబ్దంలో తేడా లేదు, కానీ వేగం తొంభై నుంచి యాభైకి జారిపోతోంది. వెనక సీటులో అమ్మ, పిల్లలు ఉన్నారు. వెనకనుంచి ఒక బస్సు ఆపకుండా హారన్ కొడుతోంది. అంతకుముందు ఇదే ఫిర్యాదుతో సర్వీస్ సెంటరుకు రెండుసార్లు వెళ్తే, రెండుసార్లూ ‘సమస్యేమీ కనబడలేదు సార్’ అని బండి కడిగి ఇచ్చారు.

ఇలా జరిగినప్పుడు చాలాసార్లు ఇంజిన్ చెడిపోయి ఉండదు. ఏదో ఒక సెన్సార్ రీడింగు హద్దు దాటగానే, ఇంజిన్‌ను కాపాడుకోవడానికి ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటరు) టర్బో నుంచి ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడినీ ఇంధనాన్నీ తానే తగ్గించేస్తుంది. మెకానిక్కులు దీన్ని లింప్ మోడ్ అంటారు. అందువల్ల పెడల్‌ను ఇంకా గట్టిగా తొక్కడం వల్ల ప్రయోజనం లేదు. ఓవర్‌టేక్ ప్రయత్నం అక్కడితో మానుకుని, హజార్డ్ లైట్లు వేసి, అద్దంలో చూసుకుంటూ నెమ్మదిగా ఎడమ అంచుకు రావాలి. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ బ్రేకు, స్టీరింగు మామూలుగానే పనిచేస్తాయి. పూర్తిగా ఆగిపోతే మాత్రం స్టీరింగు బరువెక్కుతుంది, రెండు మూడుసార్లు నొక్కాక బ్రేకు బిగుసుకుంటుంది కనుక, ఒక్కసారి గట్టిగా నొక్కి వదలకుండా పట్టుకోవాలి. ఎర్రని ఆయిల్ లైటు గానీ టెంపరేచర్ లైటు గానీ వెలిగితే వీలైనంత త్వరగా పక్కకు ఆపి ఇంజిన్ ఆపేయాలి. జాతీయ రహదారి మీద సాయానికి 1033కు ఫోన్ చేయవచ్చు.

బండి ఆపిన తర్వాత అందరం చేసే పని, తాళం తిప్పి మళ్లీ స్టార్ట్ చేయడం. చాలాసార్లు పికప్ తిరిగి వచ్చేస్తుంది, అక్కడే సాక్ష్యం చేజారుతుంది. అందుకని ఇంజిన్ ఆపకముందే మీటర్ల మీద వెలుగుతున్న లైట్లను ఫోటో తీయండి. ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఎంత వేగంలో, ఏ గేరులో, ఎక్కుడులోనా చదునులోనా, ట్యాంకులో డీజిల్ ఎంత ఉండగా జరిగిందో రాసుకోండి. బ్యాటరీ టెర్మినల్ తీసి పెడితే సరిపోతుందని ఎవరు చెప్పినా వినవద్దు. దానివల్ల ఈసీయూలో నమోదైన కోడ్, అంటే లోపాన్ని సూచించే సంఖ్య, చెరిగిపోవచ్చు.

ఈ కోడ్‌లు చదవడానికి స్టీరింగు కింద పదహారు పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. చిన్న బ్లూటూత్ స్కానర్‌ను దానికి తగిలిస్తే కోడ్ ఫోన్‌లోనే కనబడుతుంది. పి0299 అంటే టర్బో ఒత్తిడి చాలడం లేదని, పి0087 అంటే ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టంలో (రైల్‌లో) ఒత్తిడి తక్కువగా ఉందని, పి2463 అంటే డీపీఎఫ్‌లో, అంటే పొగ గొట్టంలోని ఫిల్టర్‌లో, మసి పేరుకుందని అర్థం. కోడ్ లక్షణాన్నే చెబుతుంది తప్ప పాడైన భాగం పేరు చెప్పదు. ఇది అర్థం చేసుకోకపోతే అనవసరపు ఖర్చు తప్పదు. మా బండిలో వచ్చింది పి0299. సర్వీస్ సెంటరులో టర్బో మొత్తం మార్చాలన్నారు. పట్టుబట్టి బండిని లిఫ్టు మీదికి ఎక్కించి చూపించమంటే, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు పైపు అడుగున చిటికెన వేలి గోరంత చీలిక కనబడింది. దాని చుట్టూ నూనె తడికి ధూళి పట్టి నల్లగా ఉంది. పైపు, క్లాంపు మార్చాక ఆ కోడ్ మళ్లీ రాలేదు.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్లలో డీపీఎఫ్ గురించి ప్రత్యేకంగా తెలుసుకోవాలి. పొగలోని మసిని పట్టి, దాదాపు ఆరు వందల డిగ్రీల వేడిలో కాల్చేయడం ఈ ఫిల్టర్ పని. పిల్లల బడికి, కూరగాయల మార్కెట్టుకు మూడు నాలుగు కిలోమీటర్లు తిరిగి ఆపేసే బండిలో ఆ వేడి పుట్టదు, మసి పేరుకుపోతుంది. కాల్చడం మొదలైన ప్రతిసారీ మధ్యలో ఆపేస్తుంటే, ఆ వేడి కోసం అదనంగా చిమ్మిన డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది; డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరగడం మంచి సూచన కాదు. డీపీఎఫ్ లైటు నిలకడగా వెలిగినప్పుడు, మాన్యువల్‌లో చెప్పిన ప్రకారం, రద్దీ లేని దారిలో అరవై దాటిన వేగంతో, రెండు వేల ఆర్పీఎం దగ్గర ఇరవై నిమిషాలు ఆగకుండా నడపాలి. హైదరాబాదులో ఉన్నవారికి ఔటర్ రింగ్ రోడ్డు ఇందుకు బాగా అనుకూలం. లింప్ మోడ్ వచ్చేశాక ఈ ప్రయత్నం చేయకుండా సర్వీస్ సెంటరుకే వెళ్లాలి. ఇంజిన్ ఆయిల్ కూడా మాన్యువల్‌లో రాసిన, కాలితే తక్కువ బూడిద మిగిల్చే (లో యాష్) రకమే పోయించాలి. డీపీఎఫ్‌ను తీసేయించమని సలహా ఇచ్చేవారు ఉంటారు. అది చట్టవిరుద్ధం, పైగా వారంటీ పోతుంది.

పి0087 వస్తే ముందు డీజిల్ ఫిల్టర్‌ను, అందులో చేరిన నీటిని చూడమనండి. ఇంజెక్టర్లు, పంపు సంగతి తర్వాత.

సర్వీస్ సెంటరులో జాబ్ కార్డు మీద ‘పికప్ తక్కువ’ అని రాస్తే ఒప్పుకోవద్దు. ‘తొంభై వేగంలో, ఐదో గేరులో పికప్ పోయింది, ఆర్పీఎం రెండున్నర వేలు దాటలేదు’ అని మీ మాటల్లోనే రాయించండి. కోడ్ చెరిపే ముందు స్కాన్ రిపోర్టు ప్రింటు అడగండి. కోడ్ నమోదైన క్షణపు వేగం, ఇంజిన్ వేడి వంటి రీడింగులు కూడా అందులో ఉండాలని చెప్పండి. సమస్య ఎక్కుడులో, నిండు బరువుతో వస్తుంటే, ఖాళీ బండిని వీధి చివరిదాకా తిప్పి తెస్తే అది బయటపడదు; స్కానర్ తగిలించి ఉండగా మీరూ పక్కన కూర్చుని అలాంటి దారిలోనే నడిపించాలి. ఏదైనా భాగం మార్చాలంటే, అది చెడిందని ఏ పరీక్షలో తేలిందో రాసి ఇవ్వమనండి.

అదే లోపం మూడోసారి కూడా వస్తే కంపెనీ కస్టమర్ విభాగానికి తేదీలతో మెయిల్ పంపండి. జవాబు సరిగా లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఆ తర్వాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, బండి ఎక్కడ కొన్నా, మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లు గడువు ఉంటుంది. సర్వీస్ సెంటరు మాటలు నమ్మి తిరుగుతుంటే ఆ గడువు ఇట్టే గడిచిపోతుంది కనుక, మొదటి జాబ్ కార్డు తేదీని ఇప్పుడే చూసి రాసి పెట్టుకోండి.