ఇంట్లో మనిషిని ‘గురువు’ లాక్కుంటుంటే కనిపెట్టేదెట్లా

తిరుపతి కొర్లగుంటలో మాది టైలరింగు షాపు. మా చెల్లెలు మూడేళ్లు ఒక స్వామి వెంట తిరిగింది. పేరొద్దులెండి. అప్పుడే తెలిసుంటే నేను చూసుండే గుర్తులు చెబుతా.

ఆయన ఏం చెప్తున్నాడో కాదు, ఏం అడుగుతున్నాడో చూడండి. తొలిరోజే ఇల్లు రాసిమ్మనరు. ముందు శనివారం భజన, ఆపైన రోజూ తెల్లారుజామున సేవ, ఆపైన ఉద్యోగం మానెయ్. ప్రతిదీ ముందుదానికన్నా కొంచెమే జాస్తి, అందుకే కాదనే చోటు దొరకదు. నిద్ర చాలని మనిషి వాదించనూ లేడు.

తర్వాత ఫోన్లు. అమ్మకు రోజూ చేసేది, నెలకొకటైంది. ‘మీకర్థం కాదులే’ అందంటే బయటోళ్లంతా శత్రువులని నూరిపోసినట్టే. (అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కే భక్తుణ్ని ఇంటికి పోవద్దని ఎవరూ అనరు కదా!) అమెరికాలో సొంతంగా ఒక మతగుంపు నడిపిన జిమ్ జోన్స్ ఇదే చేశాడు. తన వెంట ఉన్న అమెరికా వాళ్లను దక్షిణ అమెరికాలోని గయానా దేశపు అడవికి తీసుకుపోయి, పాస్‌పోర్టులు దగ్గర పెట్టుకుని, విషం తాగే రిహార్సల్ కూడా చేయించాడు. 1978 నవంబరు 18న 900 మందికి పైగా పోయారు. దాదాపు మూడోవంతు పిల్లలే.

స్వామిని మాత్రం తిట్టొద్దు. నేను తిట్టా, ఆరునెలలు మాటల్లేవు. ఆధారూ, ఆస్తి కాగితాలూ ఆమె చేతిలోనే ఉండేట్టు చూడండి. ‘ఆయన తప్పు చేస్తే అడిగేదెవరు?’ అని మెల్లగా ఒక్కసారి అడిగి వదిలెయ్యండి. పండగలకు పిలుస్తూనే ఉండండి. మా చెల్లి గంగజాతరకొచ్చింది. అంబలి తాగి పడుకుని, మర్నాడు మధ్యాహ్నం దాకా లేవలేదు.