బ్యాంకుకు ఇంగ్లీషులో లెటర్ ఇస్తే మళ్లీ రమ్మన్నారా?

తిరుపతి బాలాజీ కాలనీ దగ్గర మాది చిన్న డీటీపీ షాపు. "అన్నా, కొంచెం హెవీ ఇంగ్లీషులో కొట్టన్నా" అని అడగనివాళ్లు తక్కువ. తిరిగొచ్చే లెటర్లలో ఎక్కువ ఆ హెవీవే.

సమస్య: లెటరంతా చదివి, "ఇంతకీ మీకేం కావాలి?" అంటారు.

కారణం: అసలు మాట అడుగున ఉంది. మొన్న చంద్రగిరి కుర్రాడొకడు వచ్చాడు. ఏటీఎంలో డబ్బు రాలేదు, అకౌంట్లో మాత్రం 5,000 కట్ అయింది. మనసులో తెలుగులో ఇలా అనుకున్నాడు: "కార్డు పెట్టి, నొక్కితే డబ్బు రాక, మెసేజ్ మాత్రం వచ్చి, బ్రాంచికి వెళ్లి అడిగితే ఆగమన్నందుకు ఆగి..." తెలుగులో ఇలా ఎంత దూరమైనా పోవచ్చు. చివర్లో ఒక్క క్రియ వచ్చి అన్నిటినీ ముడేస్తుంది. ఇంగ్లీషులో ఎవరు, ఏం చేశారు అన్నది ముందే పడాలి. ఇతను ఉన్నదున్నట్టు మార్చేసరికి 'హావింగ్ ఇన్సర్టెడ్' అని మొదలై, ఏడు లైన్ల దాకా ఫుల్‌స్టాప్ లేదు.

పరిష్కారం: 'పెట్టి', 'రాక', 'వెళ్లి' అని వచ్చిన చోటల్లా వాక్యం ఆపేయండి. కావాల్సింది మొదటి లైన్లో అడగండి. అతని లెటర్ చివరికి ఇలా మొదలైంది: 'ప్లీజ్ రిఫండ్ 5,000 రుపీస్. ఆన్ జూన్ 12, యువర్ ఏటీఎం గేవ్ నో క్యాష్ బట్ మై అకౌంట్ వాజ్ డెబిటెడ్.' తేదీ పైనే ఉండాలి. రిజర్వ్ బ్యాంక్ 2019 రూలు ప్రకారం ఇలాంటి డబ్బు 5 రోజుల్లో వెనక్కి వేయాలి, దాటితే రోజుకు 100 రూపాయలు కలిపి ఇవ్వాలి. తేదీ ఏడో లైన్లో దాక్కుంటే ఆ లెక్క ఎవరు వేస్తారు?

సమస్య: దండాలు ఎక్కువ, విషయం తక్కువ. 'ఐ మోస్ట్ హంబ్లీ బెగ్ టు స్టేట్...'

కారణం: ఇంగ్లీషులో 'గారు', 'అండి' లేవు కదా, మర్యాద తగ్గుతుందేమోనని టెన్షన్.

పరిష్కారం: 'డియర్ సర్', 'ప్లీజ్' చాలు. 'ప్రయర్ టు' బదులు 'బిఫోర్', 'ఇన్ ద ఈవెంట్ ఆఫ్' బదులు 'ఇఫ్'. 'డూ ద నీడ్‌ఫుల్' అని రాసినవాళ్లను నేను ఒకటే అడుగుతా: ఏం చేయమంటున్నారు స్వామీ? ఆ జవాబే అక్కడ రాయండి.

సమస్య: 'ఇట్ మే బి రెక్టిఫైడ్' అన్నారు. ఎవరూ సరిచేయలేదు.

కారణం: "రేపు వస్తాను" అంటే చాలు, వచ్చేది నేనని క్రియే చెబుతుంది. ఆ అలవాటుతో ఇంగ్లీషులోనూ మనిషిని వదిలేస్తాం.

పరిష్కారం: 'ప్లీజ్ కరెక్ట్ మై నేమ్' అని ఎదుటివాళ్లకే చెప్పండి. చేసింది ఎవరో తెలియనప్పుడు మాత్రం మనిషిని వదిలేసే పద్ధతే మేలు: 'మై బైక్ వాజ్ స్టోలెన్.'

కోర్టు నోటీసులు మాత్రం నేను ముట్టను. అవి తెస్తే నేరుగా లాయరు దగ్గరికే పంపిస్తా.