పడని డబ్బా పారేయకండి: చర్మం, జుట్టు సమస్యలకు కారణం దాని వెనకే రాసి ఉంటుంది

"ఈ క్రీమ్ నాకు పడలేదు", "ఈ షాంపూతో జుట్టు బిరుసెక్కింది" అని ఎవరు చెప్పినా నేను ముందు అడిగేది, ఆ డబ్బా ఇంకా ఉందా అని. చాలామంది అప్పటికే పారేసి ఉంటారు. ఒంటికి పడినది, పడనిది పక్కపక్కన పెట్టుకుని, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న జాబితాలు పోల్చి చూస్తే తేడా చాలాసార్లు దొరికిపోతుంది. అక్షరాలు కనబడకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోండి.

జాబితాలో ఎక్కువున్నది ముందు, తక్కువున్నది తర్వాత వస్తుంది. ఒక శాతం లోపు ఉన్నవాటిని మాత్రం ఏ వరసలోనైనా రాయొచ్చు. డబ్బా ముందు పెద్ద బాదం బొమ్మ ఉండి, బాదం నూనె పేరు జాబితా అడుగున సువాసన పక్కన కనబడిందంటే అందులో బాదం చుక్కంతే. అయితే దురద పుట్టడానికి చుక్క చాలు. అందుకని చివరి పేర్లనూ వదలకుండా చదవాలి.

స్నానం చేయగానే చర్మం బిగుసుకుపోతోంది, గోరు తగిలితే తెల్లటి గీత పడుతోంది

సబ్బు రేపర్ తిప్పి చూడండి. టీఎఫ్ఎం అని ఒక అంకె ఉంటుంది. అది సబ్బులో ఉన్న కొవ్వు పదార్థం శాతం. 76 ఉంటే మొదటి గ్రేడ్, 70 అయితే రెండు, 60 అయితే మూడు. "బాతింగ్ బార్" అని రాసి ఉంటే అసలు సబ్బు లెక్కలోకే రాదు, దానికి 40 ఉన్నా చాలు. అంకె పెద్దదైతే నాణ్యత మెరుగు, నిజమే. కానీ ఎంత మంచి సబ్బుకైనా క్షార గుణం ఉంటుంది. ఆ గుణాన్ని కొలిచే అంకె, పీహెచ్, 9, 10 దాకా పోతుంది. మన చర్మానిది 5 దగ్గర. పొడి చర్మం వాళ్లకు 76 సబ్బు వాడినా బిగువు తగ్గకపోవడానికి కారణం ఇదే. అలాంటివాళ్లు సబ్బు కాని మృదువైన నురగ పదార్థం, సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్, జాబితాలో ముందు వరసలో ఉన్న బార్ తీసుకుంటే తేడా తెలుస్తుంది. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు రాస్తే సరిపోతుంది, ఒళ్లంతా రుద్దక్కర్లేదు. తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరి నూనో, పెట్రోలియం జెల్లీయో రాయండి.

షాంపూ ఎన్ని మార్చినా జుట్టు పీచులా ఉంటోంది

ఇక్కడ తప్పు షాంపూది కాకపోవచ్చు. బకెట్ అంచున తెల్లటి పొర కడుతోందా? బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం జుట్టుకూ అలాగే పడతాయి. రెండు మూడు తలస్నానాలు అదే షాంపూతో, ఆఖరి రెండు చెంబులు మాత్రం వాటర్ క్యాన్ నీళ్లతో చేసి చూడండి. జుట్టు మెత్తబడితే దోషం నీళ్లదే. అప్పుడు ఆ కాల్షియం, మెగ్నీషియంలను పట్టి ఉంచే ఈడీటీఏ జాబితాలో ఉన్న షాంపూ, ఆ తర్వాత కండిషనర్ వాడితే కొంత నయం.

నుదుటి మీద, జుట్టు మొదలయ్యే చోట సన్నటి మొటిమలు

చాలాసార్లు తలనూనె జారి వచ్చేవి ఇవి. బాదం, ఉసిరి పేర్లతో అమ్మే నూనెల్లో చాలావాటి జాబితాలో మొదటి పేరు లైట్ లిక్విడ్ పారాఫిన్, అంటే మినరల్ ఆయిల్. అది విషం కాదు, జుట్టు పైన పొరలా నిలుస్తుంది, అంతే. కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి ఇంకి, తలస్నానంలో ప్రొటీన్ పోకుండా కాస్త కాపాడుతుంది. జుట్టుకైతే నా ఓటు కొబ్బరి నూనెకే. మొహం మీదికి జారితే మాత్రం అదీ రంధ్రాలు మూసేస్తుంది. రాత్రంతా ఉంచకుండా తలస్నానానికి గంట ముందు పెట్టుకోండి, దిండు గలీబు మార్చండి. నెలా నెలన్నరలో నుదురు తేటబడాలి.

రంగు వేసుకున్న మర్నాడు కళ్లు వాచాయి, చెవుల వెనక దురద

మా పిన్నికి ఇలాగే అయింది. "నేను హెర్బల్ హెన్నాయే పెట్టుకున్నానే" అంటుంది. ప్యాకెట్ మీద పచ్చటి ఆకులు, పేరులోనూ హెర్బల్. వెనక్కి తిప్పితే గోరింటాకు, ఉసిరి, భృంగరాజ్ అని వరసగా ఉండి, చివరి వరసలో పారా ఫినైలిన్ డైఅమైన్. జుట్టును నల్లబరిచే ఈ రసాయనాన్నే పీపీడీ అంటారు. గోరింటాకు ఎంతసేపు పెట్టుకున్నా ఎర్రగా, నారింజగా పండుతుంది తప్ప నల్లబడదని మనందరికీ చిన్నప్పటి నుంచీ తెలుసు. గంటలో తల నల్లగా అయిందంటే అది ఆకు పని కాదు. వెంటనే నల్లబడే మెహందీ కోన్లలోనూ ఇదే ఉండొచ్చు. పిల్లల చేతులకు అవి పెట్టకండి.

పీపీడీ ఒకసారి పడకపోతే ఇక ఎప్పటికీ పడదు. తల బాగా కడిగేసి, ప్యాకెట్ తీసుకుని చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఊపిరి ఆడకపోయినా, నాలుక వాచినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. పీపీడీ లేదని అమ్మే రంగుల్లో దానికి దగ్గరి చుట్టమైన టోలుయిన్ డైఅమైన్ ఉంటే అదీ చాలామందికి పడదు. పిన్ని ఇప్పుడు ముందు గోరింటాకు, తర్వాత నీలి ఆకు పొడి పెట్టుకుంటోంది. దానికైనా చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు ఆగమన్నాను.

క్రీమ్ రాస్తే మొహం మెరుస్తోంది, మానేస్తే ఎర్రబడి మండుతోంది

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఇది. పెళ్లి కుదిరిన అమ్మాయిలకు స్నేహితులు చెప్పే ట్యూబ్, మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే ట్యూబ్. మొదటి రెండు వారాలు రంగు తేలుతుంది. తర్వాత చర్మం పలచబడి సన్నటి రక్తనాళాలు కనబడతాయి, మొటిమలు, చెంపల మీద నూగు వస్తాయి, ఎండలోకి వెళ్తే మంట. ట్యూబ్ మీద బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ వీటిలో ఏదున్నా అది స్టెరాయిడ్. దానికి రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, మొటిమలకు వాడే ట్రెటినోయిన్ కూడా కలిసి ఉండొచ్చు. ఇది అలంకరణ సామగ్రి కాదు, మందు. చీటీ మీదే అమ్మాల్సిన మందుల జాబితా, షెడ్యూల్ హెచ్, నుంచి 14 స్టెరాయిడ్ పూతమందులకు ఉన్న మినహాయింపును 2018లో కేంద్రం తీసేసింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. నెలల తరబడి రాసినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే మంట ఎక్కువై, తట్టుకోలేక మళ్లీ అదే రాస్తారు. ఎలా మానాలో చర్మ డాక్టరే చెప్పాలి. ట్యూబ్ చూపించడానికి సిగ్గుపడకండి, వాళ్లు రోజూ చూసేవే.

జాబితా, తయారీదారు చిరునామా, లైసెన్స్ నంబర్ ఏవీ లేని తెల్లబరిచే క్రీమ్ అయితే పాదరసం ఉందని అనుమానించాల్సిందే. కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవాళ్లకు కిడ్నీ జబ్బు వచ్చినట్టు 2023లో డాక్టర్లు బయటపెట్టారు. క్రీమ్ అక్కడికక్కడే ఆపేయండి. కాళ్లు వాచినా, మూత్రంలో నురగ వస్తున్నా పరీక్ష చేయించుకోండి.

బొట్టు పెట్టుకునే చోట తెల్లటి మచ్చ

సరిగ్గా బిళ్లంత గుండ్రంగా ఉంటుంది. కారణం స్టిక్కర్ జిగురు. కొన్నిట్లో వాడే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ చర్మానికి రంగునిచ్చే కణాలను చంపేస్తుంది. మచ్చ కన్నా ముందు చాలామందికి ఆ చోట దురద పుడుతుంది, అప్పుడే ఆపేయాలి. తెల్లబడ్డాక వేరే బ్రాండ్ స్టిక్కర్‌కు మారకండి. బొట్టు బిళ్లల అట్ట మీద జిగురులో ఏముందో సాధారణంగా రాయరు కాబట్టి పోల్చుకోవడానికి మనకు దారి లేదు. మచ్చ పెరగకముందే డాక్టర్‌కు చూపించండి. ఇంట్లో అమ్మ, అమ్మమ్మ బాత్రూమ్ అద్దానికి అంటించిన బిళ్లలే రోజూ తీసి పెట్టుకుంటుంటే, ఈ ఆదివారం వెలుతురులో కూర్చోబెట్టి, బొట్టు తీయించి ఒకసారి నుదురు చూడండి.