కొత్త రంధ్రం పడకుండా లెస్ పాల్‌ను చేతికి అమర్చుకోవడం

గిబ్సన్ లెస్ పాల్ స్టాండర్డ్ ఎలక్ట్రిక్ గిటార్ కొనడానికి వెళ్తే రంగు ఆఖర్న చూడండి, ముందు నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి కర్ర) పట్టుకోండి. పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం) నచ్చకపోతే అరగంటలో మార్చొచ్చు, నాబ్‌లు ఐదు నిమిషాల పని. నెక్ లావు, అది బాడీతో చేసే కోణం, మొత్తం బరువు మాత్రం మీరు ఎంత ఖర్చు పెట్టినా మారవు. కాబట్టి మార్చలేనివి చూసి కొనండి, మార్చగలిగినవి ఇంటికొచ్చాక చూసుకోవచ్చు.

2019 నుంచి స్టాండర్డ్‌లో 50స్, 60స్ అని రెండు రకాలు వస్తున్నాయి. 50స్ నెక్ గుండ్రంగా, అరచేయి నిండేంత లావుగా ఉంటుంది. 60స్ నెక్ పలచన. రెంటికీ స్కేల్ (తీగ మోగే నిడివి) 24.75 అంగుళాలు, 22 ఫ్రెట్లు (నెక్ మీది అడ్డ లోహపు పట్టీలు), మహోగని బాడీ మీద మేపుల్ పలక. చిన్న చేతులకు పలచని నెక్ మంచిదనే మాట విని కొనేయకండి. గంటసేపు బార్ కార్డులు (ఒకే వేలితో తీగలన్నీ నొక్కే పట్లు) పట్టేవాళ్లలో కొందరికి లావు నెక్ మీదే బొటనవేలు తక్కువ నొప్పి పెడుతుంది. బరువు తగ్గించడానికి లోపల తొలిచే పద్ధతి ఈ రెండు మోడళ్లలో లేదు, అందుకే నాలుగు కిలోలు దాటడం మామూలే. షాపులో కూర్చుని కాదు, స్ట్రాప్ వేసుకుని ఇరవై నిమిషాలు నిలబడి వాయించి చూడండి.

షాపులో ఏం చూడాలి

ఆంప్లిఫయర్‌కు (ఆంప్) కలపకుండానే మొదలుపెట్టండి. ప్రతి తీగ మీద ప్రతి ఫ్రెట్ ఒక్కొక్కటిగా మీటండి. ఎక్కడైనా స్వరం చచ్చిపోయినట్టు వినిపిస్తే ఆ ఫ్రెట్ అరిగి తగ్గి అయినా ఉంటుంది, దాని తర్వాతిది లేచి అయినా ఉంటుంది. తర్వాత లావు తీగను 1వ ఫ్రెట్ దగ్గర, నెక్ బాడీలో కలిసే చోట ఒకేసారి నొక్కి పట్టి 7వ ఫ్రెట్ దగ్గర సందు చూడండి. 0.25 మి.మీ. అటూఇటూగా, అంటే విజిటింగ్ కార్డు మందం కన్నా కాస్త తక్కువ ఉండాలి. సందు ఎక్కువైనా తక్కువైనా ట్రస్ రాడ్‌తో (నెక్ లోపల ఉండి దాని వంపు సరిచేసే కడ్డీ) సరిచేయొచ్చు కాబట్టి ఒక్క దాని కోసం గిటార్ వదులుకోనక్కర్లేదు. నెక్ మెలి తిరిగితే మాత్రం వద్దు. హెడ్‌స్టాక్ (ట్యూనర్లు ఉండే నెక్ కొస) వైపు నుంచి కన్ను పెట్టి రెండు అంచులూ ఒకే తీరులో సాగుతున్నాయో లేదో చూస్తే మెలి తెలిసిపోతుంది.

బ్రిడ్జ్‌ను, అంటే బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగాన్ని, పక్క నుంచి చూడండి. పూర్తిగా కిందికి దించేసినా తీగలు ఇంకా ఎత్తుగానే ఉన్నాయంటే నెక్ కోణం తేడాగా ఉందని అర్థం. లెస్ పాల్ నెక్ జిగురుతో అతికించినది, స్క్రూ విప్పి కింద ముక్క పెట్టడానికి కుదరదు. నెక్ ఊడదీసి మళ్లీ అతికించడం పెద్ద ఖర్చు, ఆ గిటార్ వదిలేయండి.

వాడినది కొంటుంటే నట్ (నెక్ చివర తీగలు కూర్చునే గాడులున్న పట్టీ) వెనక, హెడ్‌స్టాక్ వంగే చోట అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టండి. హెడ్‌స్టాక్ 17 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. నెక్, హెడ్‌స్టాక్ ఒకే కర్రలోంచి కోసినవి కావడంతో ఆ వంపు దగ్గర కర్ర నారలు నిడివిగా సాగకుండా తెగి పొట్టిగా మిగులుతాయి. పైగా ట్రస్ రాడ్ నట్ కోసం సరిగ్గా అక్కడే గుంట తవ్వుతారు. కేసులో ఉన్న గిటార్ వెల్లకిలా పడినా చాలు, ట్యూనర్ల బరువుకు అక్కడ చిట్లుతుంది. ఫోన్ టార్చిని పక్కవాటుగా పట్టి చూడండి, వేలిగోరుతో అడ్డంగా గీస్తూ పోండి. గోరు తట్టినా, రంగు ఒక్కచోట ముదురుగా కనబడినా అనుమానించండి. అతినీలలోహిత టార్చి ఉంటే ఇంకా మంచిది, పాత లాకర్ (గిటార్ అసలు పూత) మీద తర్వాత కొట్టిన పూత వేరే రంగులో మెరుస్తుంది. బాగా అతికించిన హెడ్‌స్టాక్ ఏళ్ల తరబడి నిలుస్తుంది, శబ్దానికీ లోటు ఉండదు. కానీ ధర బాగా తగ్గాలి. అమ్మేవారు ముందే చెప్పకుండా మీరు కనిపెడితే బేరం ఆపేయడమే మేలు.

నకిలీలు చాలా తిరుగుతున్నాయి. ట్రస్ రాడ్ మూతకు అసలు గిబ్సన్‌లో రెండు స్క్రూలే ఉంటాయి, మూడు ఉంటే అక్కడే ఆగండి. మూత విప్పితే 5/16 అంగుళాల ఇత్తడి నట్ కనబడాలి, నకిలీల్లో సాధారణంగా అలెన్ కీ రంధ్రం ఉంటుంది. ఈ 50స్, 60స్ స్టాండర్డ్‌ల సీరియల్ తొమ్మిది అంకెలు. 1వ, 5వ అంకెలు కలిపితే సంవత్సరం, 2 నుంచి 4 వరకు ఏడాదిలో ఎన్నో రోజో. 1తో మొదలై తర్వాత 241, ఆ పైన 9 ఉంటే 2019లో 241వ రోజు, అంటే ఆగస్టు 29. అంకెలు కుదిరినంత మాత్రాన అసలుదని కాదు, కుదరకపోతే మాత్రం కచ్చితంగా ప్రశ్నించాల్సిందే.

అమెరికా నుంచి మనవాళ్లతో తెప్పించుకుంటే బిల్లు దగ్గర పెట్టుకోమనండి. కస్టమ్స్ దగ్గర పనికొస్తుంది, వారంటీ మొదటి కొనుగోలుదారుకే ఉంటుంది కాబట్టి అక్కడా పనికొస్తుంది. ఫింగర్‌బోర్డు రోజ్‌వుడ్ గురించి భయపడేవాళ్లున్నారు. భారతీయ రోజ్‌వుడ్ అంటే మన అడవుల్లోని జిట్రేగే. 2017లో దానిమీద అంతర్జాతీయ రవాణా ఆంక్షలు వచ్చాయి, 2019 నవంబరు నుంచి తయారైన వాద్యాలకు మినహాయింపు ఇచ్చారు. బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కు ఆ మినహాయింపు లేదు. 1960ల పాత గిటార్ కొంటుంటే కాగితాలు తప్పనిసరిగా అడగండి.

ఇంటికి వచ్చాక

కేసు వెంటనే తెరవకండి, గది వేడికి అలవాటు పడేదాకా కొన్ని గంటలు ఆగండి. గదిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలి. హైదరాబాద్ మే నెల ఎండకు ఫింగర్‌బోర్డు ఎండి ముడుచుకుంటే ఫ్రెట్ల కొసలు అంచు దాటి చేతికి గీసుకుంటాయి. విశాఖ, కాకినాడ వైపు తేమకు తీగలు తుప్పు పడతాయి, నెక్ కూడా కదులుతుంది. తేమ చూపే చిన్న మీటర్ ఒకటి కేసులో పడేయండి.

సెటప్‌కు వరస ముఖ్యం, ఎందుకంటే ముందుది మారితే తర్వాతవన్నీ మారతాయి. 10–46 తీగలు (సన్న తీగ 0.010, లావు తీగ 0.046 అంగుళాలు) వేసి శ్రుతి చేసి, ముందు ట్రస్ రాడ్ చూడండి. కుడివైపు తిప్పితే నెక్ నిటారవుతుంది, ఎడమవైపుకు వదులవుతుంది. ఒక్కసారికి ఎనిమిదో వంతు చుట్టు మాత్రమే. మళ్లీ శ్రుతి చేసి కొలవండి. ట్రస్ రాడ్ నట్ బిగుసుకుని కదలకపోతే బలం పెట్టొద్దు, గిటార్లు బాగుచేసే మనిషికి ఇవ్వండి. తర్వాత బ్రిడ్జ్ ఎత్తు. 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగకు 2 మి.మీ., సన్న తీగకు 1.2 మి.మీ. ఉంచండి. బ్రిడ్జ్ వెనక అంచుకు తీగలు రాసుకుంటుంటే టెయిల్‌పీస్‌ను (తీగల చివరలు పట్టి ఉంచే కడ్డీ) రాసుకోనంత వరకు పైకి లేపండి. కిందికి బిగించేస్తేనే నాదం నిలుస్తుందని నమ్మేవాళ్లు బ్రిడ్జ్ మధ్యలో కుంగిపోయేదాకా తెచ్చుకుంటారు. చివరగా ఇంటొనేషన్, అంటే నెక్ పొడవునా స్వరం సరిగ్గా పలికేలా చూడటం. 12వ ఫ్రెట్ నొక్కిన స్వరం అక్కడి హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మీటిన స్వరం) కన్నా ఎక్కువ వస్తే శాడిల్‌ను (బ్రిడ్జ్ మీద ఆ తీగ ఆనే ముక్క) టెయిల్‌పీస్ వైపు జరపండి, తక్కువ వస్తే నెక్ వైపు.

శ్రుతి నిలవడం లేదంటే ట్యూనర్లు కాదు, నట్

లెస్ పాల్ మీద ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. 3వ తీగ బెండ్ చేశాక (పక్కకు లాగి స్వరం పెంచాక) శ్రుతి దిగిపోతుంది, యజమాని ఖరీదైన ట్యూనర్లు కొంటాడు, అయినా దిగుతూనే ఉంటుంది. 3వ, 4వ తీగలు నట్ దాటాక పక్కకు తిరిగి ట్యూనర్‌కు చేరతాయి. పైగా వెనక్కి వాలిన హెడ్‌స్టాక్. ఈ రెండిటి వల్ల గాడిలో తీగ బిగుసుకుంటుంది. బెండ్ చేసి వదిలినప్పుడు పూర్తిగా వెనక్కి జారదు.

పరీక్ష ఇలా చేయండి. 3వ తీగను పెద్దగా బెండ్ చేసి వదలండి, స్వరం కాస్త దిగి ఉంటుంది. ఇప్పుడు నట్‌కూ ట్యూనర్‌కూ మధ్య అదే తీగను వేలితో గట్టిగా నొక్కి వదలండి. ‘టిక్’ మని చిన్న శబ్దం వచ్చి స్వరం మళ్లీ పైకి చేరిందంటే దోషం గాడిదే.

ముందు తీగ తప్పించి మెత్తటి పెన్సిల్ మొన గాడిలో రుద్దండి. రెండు రోజుల్లో మళ్లీ మొదలైతే గాడి వెడల్పు చేయాలి. 3వ తీగ మందం 0.017 అంగుళాలైతే గాడి 0.020 ఉండాలి. నట్ ఫైల్ తప్ప ఇంకేదీ వాడొద్దు. రంపపు బ్లేడుతో గీస్తే అడుగు చదునుగా తెగి తీగ సితార్‌లా రొద పెడుతుంది. గాడి హెడ్‌స్టాక్ వైపు కొద్దిగా వాలుగా ఉండాలి, తీగ ఫింగర్‌బోర్డు వైపు అంచు మీదే ఆనాలి. ప్రతి రెండు రుద్దులకూ లోతు చూసుకోండి. 3వ ఫ్రెట్ దగ్గర నొక్కితే 1వ ఫ్రెట్ మీద వెంట్రుకవాసి సందు మిగలాలి. ఆ సందు పోతే ఖాళీ తీగ బర్రుమంటుంది, అప్పుడు కొత్త నట్ వేయడం ఒక్కటే దారి.

అయినా లాకింగ్ ట్యూనర్లు (తీగను బిగించి పట్టుకునేవి) కావాలంటే ఉన్న రంధ్రాల్లో, ఉన్న స్క్రూ గుర్తుల మీద కూర్చునేవే ఎంచుకోండి. 50స్ మీద ఉండే పాత తరహా క్లూసన్ రకం ట్యూనర్లకు రంధ్రం చిన్నది, గ్రోవర్ రకానికి 10 మి.మీ. కావాలి. గ్రోవర్ కోసం హెడ్‌స్టాక్ తొలిచారంటే అమ్మేటప్పుడు ఆ గిటార్ ధర పడిపోయినట్టే.

వైరింగ్

పికప్‌లు మార్చే ముందు వైరింగ్ మార్చి చూడండి. ఖర్చు దాదాపు ఏమీ లేదు, తేడా మాత్రం స్పష్టంగా వినిపిస్తుంది. వెనక మూత తీస్తే నాలుగు 500కె పాట్లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే తిప్పుడు భాగాలు), టోన్ పాట్లకు రెండు 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్లు ఉంటాయి. ఏదీ విప్పకముందే నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి. ఆధునిక వైరింగ్‌లో కెపాసిటర్ వాల్యూమ్ పాట్ మీద పికప్ తీగ వచ్చే పక్క కాలికి అతికి ఉంటుంది. దాన్ని తీసి మధ్య కాలికి, అంటే స్విచ్‌కు వెళ్లే కాలికి మార్చితే అదే 50ల వైరింగ్. వాల్యూమ్ 6కు తగ్గించినా శబ్దం దుప్పటి కప్పినట్టు మసకబారదు. బదులుగా టోన్ తిప్పితే వాల్యూమ్ కూడా కొద్దిగా కదులుతుంది. కొన్ని గిటార్లలో ఆ కనెక్షన్ ముందే అలా ఉంటుంది, చూసుకుని మొదలుపెట్టండి.

పాట్ వీపు మీద టంకం వేయడానికి 25 వాట్ల ఐరన్ చాలదు, వేడంతా ఆ లోహమే పీల్చేస్తుంది. 40 నుంచి 60 వాట్లది, వెడల్పు మొనతో తీసుకోండి. సన్న గరుకు కాగితంతో వీపు రుద్ది, మూడు నాలుగు సెకన్లలో పని ముగించండి. టంకం మెరవకుండా బూడిద రంగులో గింజలు కట్టినట్టు ఉంటే అది సరిగా కరిగి అంటని అతుకు, నేడో రేపో గరగర మొదలవుతుంది. గిటార్ మీద గుడ్డ కప్పే పని చేయండి, ఒక్క చుక్క పడినా లాకర్ కాలిపోతుంది.

పాట్లు కొత్తవి కొంటే మర ఉన్న కాడ పొడవు చూడండి. లెస్ పాల్ పలక మందానికి 3/4 అంగుళం పొడవున్నవి కావాల్సి రావచ్చు. పొట్టివి పైకి రావు, నట్ పట్టదు.

పికప్ మార్చాక ఒక్కొక్కటి బాగానే పలికి, స్విచ్ మధ్యలో పెట్టినప్పుడు శబ్దం ముక్కుతో మాట్లాడినట్టు పలచబడితే రెండూ ఎదురు ఫేజ్‌లో, అంటే ఒకదాని సిగ్నల్‌ను ఒకటి కొట్టేసేలా, ఉన్నట్టు. నాలుగు తీగల కేబుల్ పికప్ అయితే రెండు తీగలు తారుమారు చేస్తే సరి. అల్లిక తొడుగు ఉన్న రెండు తీగల పికప్‌లో అలా చేయకూడదు, తొడుగులోకి సిగ్నల్ వచ్చి హమ్ పెరుగుతుంది. లోపలి అయస్కాంతాన్ని తిప్పి పెట్టించాలి. కాయిల్ స్ప్లిట్ (పికప్‌లో ఒక్క కాయిల్‌నే వాడటం) కావాలంటే పుష్-పుల్ పాట్ (నాబ్ లాగితే స్విచ్‌లా పనిచేసేది) వేయండి, పాత రంధ్రంలోనే కూర్చుంటుంది. కొత్త స్విచ్ కోసం పలకకు బెజ్జం పెట్టకండి.

తీగలు ముట్టుకుంటే హమ్ తగ్గడం మామూలే. ముట్టుకుంటే చురుక్కుమంటే మాత్రం గోడ సాకెట్‌లో ఎర్త్ లేదని అనుమానించండి. ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఆ ప్లగ్‌లో ఆంప్ పెట్టొద్దు.

పూత

గిబ్సన్ పూత నైట్రోసెల్యులోజ్ లాకర్. రబ్బరు తొడుగు స్టాండు మీద నెల రోజులు వదిలేస్తే ఆనిన చోట మెత్తబడి మచ్చ పడుతుంది. నూలు గుడ్డ చుట్టండి, లేదా కేసులోనే ఉంచండి. డీట్ అనే రసాయనం ఉన్న దోమల మందు రాసుకున్న ముంజేయి తగిలినా పూత కరుగుతుంది. శానిటైజర్ కూడా అంతే. చేతులు సబ్బుతో కడిగి, ఆరాకే గిటార్ తీయండి.

విప్పిన ప్రతి భాగాన్నీ, ఒక్క స్క్రూ కూడా పోకుండా, తేదీ రాసిన కవరులో వేసి కేసులోని చిన్న అరలో పెట్టండి. పికప్‌ల అసలు టంకం మచ్చలు చెరగకుండా తీగలను వీలైనంత పొడవుగా వదిలి తీస్తే, కొనేవారు అడిగిన రోజున వాటిని యథాతథంగా వెనక్కి వేసి ఇవ్వొచ్చు.