ట్రైలర్ ఊగుతోందా? మిడ్‌సైజ్ ఎస్‌యూవీతో లాగేవాళ్ల కోసం సమస్య - పరిష్కారం

అమెరికాలో టొయోటా హైలాండర్, హోండా పైలట్ లాంటి బళ్లు సరైన టోయింగ్ సామగ్రి ఉంటే 5,000 పౌండ్ల దాకా లాగుతాయి. ఆ అంకె ఒక్కటే చూసి ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక లాక్కెళ్లే చక్రాల ఇల్లు) తీసుకుంటే చిక్కుల్లో పడతారు. ముందు నిండిపోయేది పేలోడ్, అంటే బండి మోయగల బరువు. డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ కనిపిస్తుంది. దాని మీద 1,400 పౌండ్లని ఉందనుకోండి: నలుగురు మనుషులు 600, హిచ్ (ట్రైలర్‌ను బండికి తగిలించే కొక్కెం) మీద పడే ట్రైలర్ బరువు 480, హిచ్ సామాను 80. ఇక సామాన్లకు మిగిలింది 240 పౌండ్లే.

సమస్య: పెద్ద ట్రక్కు దాటి వెళ్లగానే ట్రైలర్ అటూ ఇటూ ఊగుతోంది

కారణం చాలాసార్లు ఒకటే: ట్రైలర్ ముందు భాగంలో బరువు చాలలేదు. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలి. 4,000 పౌండ్ల ట్రైలరైతే కనీసం 400. ఈ తరగతి బళ్లలో చాలావాటికి హిచ్ పరిమితి 500, కాబట్టి మీకు దొరికే సందు చిన్నదే. ట్రైలర్ ఇరుసుకు వెనకాల ఉన్న 30 గ్యాలన్ల నీళ్ల ట్యాంకు నింపితే 250 పౌండ్లు వెనక్కి చేరతాయి, ముందు భాగం తేలిపోతుంది. ట్రైలర్ వెనక బంపర్‌కు సైకిళ్లు తగిలించినా అంతే.

నీళ్లు క్యాంప్‌గ్రౌండ్‌కు వెళ్లాక పట్టుకోండి. బరువైన డబ్బాలు ఇరుసుకు కొంచెం ముందు, నేల మీదే సర్దండి. తర్వాత ట్రక్ స్టాప్ కాటా మీద తూయండి: మనుషులు, సామాన్లతో బండి ఒక్కటీ ఒకసారి, ట్రైలర్ తగిలించి, బరువు పంచే హిచ్ ఉంటే దాని స్ప్రింగ్ బార్లు వదులుచేసి ఇంకోసారి. రెండోసారి బండి రెండు ఇరుసుల మీద పెరిగిన బరువే హిచ్ మీది బరువు.

దారిలో ఊగడం మొదలైతే బండి బ్రేకు తొక్కకండి, స్టీరింగ్ ఎదురు తిప్పకండి. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని గ్యాస్ పెడల్ మీంచి కాలు మెల్లగా తీయండి. బ్రేక్ కంట్రోలర్ (ట్రైలర్ బ్రేకులను బండిలోంచి నడిపే పరికరం) మీటను చేత్తో జరిపితే ట్రైలర్ బ్రేకులు మాత్రమే పడి, అది వెనక్కి లాగి తిన్నగా అవుతుంది. ఈ మీట ఎక్కడుందో బయల్దేరకముందే చూడకుండా తడిమి అలవాటు చేసుకోండి.

సమస్య: బండి వెనక కుంగింది, స్టీరింగ్ తేలిగ్గా ఉంది

ముందు చక్రాల మీది బరువు వెనక్కి పోయింది. ముందు ఫెండర్ (చక్రం పైన వంపు రేకు) ఎత్తు కొలవండి. ట్రైలర్ లేనప్పుడు 34 అంగుళాలు, తగిలించాక 35 ఉంటే, వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్‌తో (బరువును ముందు చక్రాలకూ పంచేది) మాన్యువల్ చెప్పినంత కిందికి దించాలి. కొన్ని బళ్లకు ఆ హిచ్ వాడొద్దంటారు, కొనేముందే చూసుకోండి. వెనక సస్పెన్షన్‌కు గాలి నింపే ఎయిర్ బ్యాగులు పెడితే తోక లేస్తుంది కానీ ముందుకు బరువు రాదు.

సమస్య: బ్రేకు వేస్తే ట్రైలర్ వెనక నుంచి నెడుతోంది

4 పిన్నుల కనెక్టర్ లైట్లకే. ట్రైలర్ బ్రేకులకు 7 పిన్నుల కనెక్టర్, కంట్రోలర్ కావాలి. రెండూ ఉన్నా నెడుతుంటే తుప్పు పట్టిన గ్రౌండ్ వైరు, ట్రైలర్ బ్రేకుల్లో అరిగిన మాగ్నెట్లు చూడండి. ఖాళీ స్థలంలో గంటకు 20-25 మైళ్ల వేగంలో మీట జరుపుతూ కంట్రోలర్‌లో గెయిన్ (బ్రేకు పట్టే బలం) పెంచండి. చక్రాలు బిగుసుకున్న చోటి నుంచి కాస్త తగ్గించండి.

సమస్య: ఆగి చూస్తే ఒక హబ్ (చక్రం మధ్య భాగం) మిగతావాటికంటే బాగా వేడిగా ఉంది

బేరింగ్ పోతోంది, లేదా బ్రేకు పట్టేస్తోంది. అక్కడే ఆపేయండి. టైర్లు వేడెక్కకుండా గాలి చూసుకోండి: బయల్దేరే ముందు, చల్లగా ఉన్నప్పుడే, ట్రైలర్ స్టిక్కర్ చెప్పినంత ఉండాలి. చక్రం విప్పి బిగించాక మొదటి 50 మైళ్లకు లగ్ నట్లు (చక్రాన్ని పట్టి ఉంచే నట్లు) టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించండి.