వైకల్యం ఉన్న పిల్లాడికి సపోర్ట్ ఎక్కడ దొరుకుతుంది: ముందు ఎక్కడికెళ్లాలి, తర్వాత ఎక్కడికెళ్లాలి

మా బాబు రెండున్నరేళ్లప్పుడు పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు, మాటలు కూడా రాలేదు. మగపిల్లలకి మాటలు లేటేలే, వాళ్ల నాన్నకీ అంతే అని మా అత్తయ్య, పక్కింటోళ్లు అంటుంటే మేమూ నమ్మి ఒక ఏడాది ఊరుకున్నాం. ఆ ఏడాది తల్చుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పేస్తుంది, అందుకే ఇదంతా రాస్తున్నా. సాయం లేక కాదండీ, ఉంది, కాకపోతే తలా ఒక ఆఫీసులో ఉంది, ఈ కౌంటర్ దగ్గర కూర్చున్నోళ్లు పక్క కౌంటర్‌లో ఏం దొరుకుతుందో చెప్పరు, మనకి మనమే తెల్సుకోవాలి.

డౌట్ వచ్చిన రోజే చూపించండి, జబ్బు పేరు తేలేదాకా ఆగొద్దు. మాటలు రాని పిల్లలకి ముందు వినికిడి టెస్ట్ చేయించండి (బెరా అంటారు), అసలు వినపడుతోందో లేదో తేలాలి కదా. డబ్బులు లేకపోతే అంగన్‌వాడీ టీచర్‌ని అడగండి, ఆర్‌బీఎస్‌కే టీమ్ అని పిల్లల ఆరోగ్యం చూసే సర్కారు టీమ్ అంగన్‌వాడీలకీ సర్కారు బడులకీ వస్తారు, పుట్టిన బిడ్డ దగ్గర్నుంచి 18 ఏళ్ల వరకు చూస్తారు, జిల్లాలో డీఈఐసీ సెంటర్‌కి (ఇలాంటి పిల్లలకి తొందరగా సాయం మొదలెట్టే సర్కారు సెంటర్) రాసిస్తారు. హైదరాబాద్ వెళ్లగలిగితే సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్‌నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ ఉంది, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన సెంట్రల్ గవర్నమెంట్ సంస్థ, పాతోళ్లు ఇంకా ఎన్‌ఐఎంహెచ్ అనే అంటారు. ఆరేళ్ల లోపు పిల్లలకి అక్కడ ప్రత్యేకంగా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్ ఉంది. నెల్లూరు వైపు వాళ్లకి సీఆర్‌సీ దగ్గర, అదీ వికలాంగుల కోసం సెంట్రల్ గవర్నమెంట్ పెట్టిన సెంటరే. అనంతపురం జిల్లా వాళ్లయితే ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థని అడగండి, వాళ్లకి స్పెషల్ స్కూల్స్ ఉన్నాయి.

థెరపీ గురించి ఒక్క మాట. మేం మొదట ఒక ప్రైవేట్ సెంటర్‌లో మూడు నెలల ఫీజు ముందే కట్టేశాం, రోజూ బాబుని లోపలికి తీస్కెళ్లి తలుపేసుకునేవాళ్లు, నన్ను బయట కూర్చోమనేవాళ్లు. ఏం నేర్పారంటే "ఇంప్రూవ్‌మెంట్ ఉందమ్మా" అనేవాళ్లు, అంతే. తర్వాత దొరికిన మేడమ్ నన్నే పక్కన కూర్చోబెట్టి, నీళ్లు కావాలంటే గ్లాస్ వైపు చెయ్యి చూపించడం ఎలా నేర్పాలో నా చేతే చేయించింది, ఇంటికొచ్చి వారం రోజులు గ్లాస్ కొంచెం ఎత్తుమీద పెట్టి, వాడు చూపించేదాకా ఆగి, చూపించగానే ఇచ్చేదాన్ని. పదో రోజో పదకొండో రోజో వాడంతట వాడే వేలు చూపించాడు! కాబట్టి మిమ్మల్ని లోపలికి రానివ్వని చోట డబ్బులు పొయ్యకండి, స్పీచ్ థెరపిస్ట్‌కీ స్పెషల్ ఎడ్యుకేటర్‌కీ ఆర్‌సీఐ నంబర్ (ఈ పని చేసేవాళ్లకి సెంట్రల్ గవర్నమెంట్ కౌన్సిల్ ఇచ్చే రిజిస్ట్రేషన్) ఉందా అని మొహమాటపడకుండా అడగండి.

థెరపీ నడుస్తుండగానే వైకల్య సర్టిఫికెట్ పని మొదలెట్టేయండి. మనం సదరం అని పిలిచేది ఇదే, దాంతోపాటు యూడీఐడీ కార్డు, అంటే దేశమంతా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు. మీసేవలో గానీ, ఏపీలో అయితే సచివాలయంలో గానీ అడిగితే స్లాట్ సంగతి చెప్తారు. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, ఆటిజం, సీపీ (సెరిబ్రల్ పాల్సీ), లెర్నింగ్ డిజబిలిటీ కూడా అందులోవే, చాలా స్కీములకి 40 శాతం ఉండాలి. డాక్టర్లు చూసే సదరం క్యాంప్‌కి పాత రిపోర్ట్‌లు, ఐక్యూ టెస్ట్, ఫోటోలు, ఆధార్ అన్నీ ఒకే ఫైల్లో పెట్టి రెండేసి జిరాక్స్‌లు తీస్కెళ్లండి. అక్కడ డాక్టర్ గారు "బట్టలు తనే వేస్కుంటాడా?" అనడిగితే నేను గబుక్కున "వేస్కుంటాడండీ" అన్నా, మా ఆయన నెమ్మదిగా "చెయ్యి పట్టుకుని దూర్చేది నువ్వే కదా" అన్నారు. పిల్లాడి గురించి తక్కువగా చెప్పడానికి ఏ తల్లికీ నోరు రాదు, కానీ అక్కడ మాత్రం రోజూ ఇంట్లో ఎలా జరుగుతుందో అలాగే చెప్పాలి, ఎక్కువా వద్దు తక్కువా వద్దు. చిన్నపిల్లలకి చాలాసార్లు టెంపరరీ సర్టిఫికెటే ఇస్తారు, దానిమీద గడువు తేదీ చూస్కోండి.

అది చేతికొచ్చాక పెన్షన్‌కి పెట్టండి, పిల్లలకి కూడా ఇస్తారు, ఈ సంగతి చాలామందికి తెలీదు. ఏపీలో 2024 నుంచి నెలకి 6,000, తెలంగాణలో 4,016. తర్వాత నిరామయ ఇన్సూరెన్స్, ఆటిజం, సీపీ, బుద్ధిమాంద్యం, ఒకటి కంటే ఎక్కువ వైకల్యాలున్న వాళ్లకి నేషనల్ ట్రస్ట్ అనే సెంట్రల్ గవర్నమెంట్ సంస్థ ఇచ్చేది, ఏడాదికి లక్ష వరకు, ముందు మెడికల్ టెస్ట్‌లేం ఉండవు, థెరపీ ఖర్చుకీ కొంత వస్తుంది. ముందు మనం కట్టి తర్వాత క్లెయిమ్ చెయ్యాలి కాబట్టి ప్రతి బిల్లూ దాచండి. బస్ పాస్, రైల్లో తోడొచ్చేవాళ్లకి కూడా రాయితీ, పాత రెజిమ్‌లో ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్లకి 75,000 మినహాయింపు, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000, ఇవి కూడా ఉన్నాయి.

స్కూల్ విషయంలో భయపడొద్దు. 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచితంగా చదువుకునే హక్కు చట్టంలోనే ఉంది. రెండు రాష్ట్రాల్లో మండలాల్లో భవిత సెంటర్లున్నాయి, అక్కడ ఇలాంటి పిల్లలకి నేర్పే ఐఈఆర్‌పీ టీచర్లుంటారు, ఫిజియోథెరపీ క్యాంపులు పెడతారు, మంచం దిగలేని పిల్లలుంటే టీచరే ఇంటికొస్తారు, ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీస్‌లో అడగండి. పెద్ద క్లాసులకొచ్చాక పరీక్షలో ఎక్స్‌ట్రా టైమ్, స్క్రైబ్ (పిల్లాడు చెప్తే రాసిపెట్టేవాళ్లు) కావాలంటే ఏడాది మొదట్లోనే లెటర్ పెట్టాలి, హాల్ టికెట్ల టైమ్‌కి పరిగెడితే పని కాదు. రెగ్యులర్ సిలబస్ మరీ భారమైతే ఓపెన్ స్కూల్ ఉంది, అదేం నామోషీ కాదు.

18 నిండాక తల్లిదండ్రులైనా సరే చట్టప్రకారం ఆటోమేటిక్‌గా గార్డియన్లు కారు. ఇందాక నిరామయ దగ్గర చెప్పిన ఆ నాలుగు రకాల వాళ్లకి గార్డియన్‌గా పెట్టమని జిల్లా కలెక్టర్ చైర్మన్‌గా ఉండే లోకల్ లెవెల్ కమిటీకి అప్లై చేస్కోవాలి, 17 రాగానే కనుక్కోవడం మొదలెట్టండి.

అసలు నిరామయ గురించి నాకు ఏ ఆఫీసూ చెప్పలేదు, సదరం క్యాంప్‌లో నా పక్క బెంచీ మీద కూర్చున్న ఆవిడ చెప్పింది, వాళ్ల పాపకి సీపీ. ఆవిడ నంబర్ తీస్కున్నా, ఆవిడ ఇంకో ఇద్దర్ని కలిపింది, ఇప్పుడు ఏ జీవో వచ్చినా ఏ క్యాంప్ పెట్టినా మాకు ఒకళ్ల నుంచి ఒకళ్లకి తెల్సిపోతుంది. మీరూ క్యాంప్‌కెళ్లినప్పుడు ఫోన్ చూస్కుంటూ కూర్చోకండి, పక్కావిడని పలకరించి నంబర్ తీస్కోండి.